పదకొండు ప్రశ్నలు, ఒక సంచి

ఆగస్టు 21, గురువారం

నా కుర్చీ శ్రవణ్‌కి ఇచ్చారు.

నోటీసు బోర్డు మీద సెలెక్షన్ మార్కులు కాలేజీవాళ్లే అంటించారు. సుష్మిత 41. సంగీత, అంటే నేను, 38. శ్రవణ్ 33. మాక్ ట్రయల్ అంటే కాలేజీల మధ్య ఉత్తుత్తి కోర్టు పోటీ. టీమ్‌లో అడ్వకేట్ కుర్చీలు రెండు. రెండో క్లాసు పిల్లను అడిగినా ఎవరెవరికి రావాలో చెబుతుంది. మార్కుల కిందే టీమ్ లిస్టు ఉంది. అడ్వకేట్లు: సుష్మిత, శ్రవణ్. సంగీత: సాక్షి నంబర్ రెండు.

హనుమత్ప్రసాద్ సార్ మాకు ఎవిడెన్స్ పేపర్ చెబుతారు. టీమ్‌కి కోచ్ ఆయనే. స్టాఫ్ రూమ్‌కి వెళ్లి నిలబడ్డాను. ఏంటమ్మా, అందరూ లాయర్లే అయితే సాక్ష్యం ఎవరు చెబుతారు అన్నారు. మార్కుల సంగతి అడిగాను. శ్రవణ్‌కి కోర్టు ప్రెజెన్స్ ఉందట. నాకు నేచురాలిటీ ఉందట. ట్రయల్ అంతా ఇంగ్లీషులో, సాక్షి మాత్రం తెలుగులో చెప్పొచ్చని రూల్సులో ఉంది కదా, నీ యాస జడ్జిలకి భలే నచ్చుతుంది చూడు అన్నారు. నన్ను మెచ్చుకున్నానని అనుకుంటున్నారు ఆయన.

కోర్టు ప్రెజెన్స్ అంటే ఏమిటో బయటికి వచ్చాక అర్థమైంది. శ్రవణ్‌కి నల్ల కోటు ఉంది.

ఆగస్టు 22, ఉదయం 5:10

షిఫ్టుకి వెళ్లే ముందు రాస్తున్నాను. కోపం తగ్గాక రాస్తే అబద్ధాలు రాస్తాను.

ఆ కుర్చీ నాకెందుకో ఒకచోట రాసి ఉండాలి. జూన్‌లో ఇంటర్న్‌గా తీసుకోమని పంజాగుట్టలో నాలుగు లాయర్ ఆఫీసుల మెట్లెక్కాను. మూడింట్లో రెజ్యుమె చేతికి కూడా తీసుకోలేదు. నాలుగో ఆఫీసు మంజుశ్రీ మేడమ్‌ది. ఆమె మాత్రం కూర్చోబెట్టింది. నువ్వేం చేస్తుంటవ్ అని అడిగింది. సనత్‌నగర్‌లో దాణా ప్యాకింగ్ యూనిట్ మేడమ్, ఆరు నుంచి రెండు షిఫ్టు, రోజుకి ఆరువందల సంచుల మూతి కుడతాను, సాయంత్రం లా కాలేజీ అన్నాను. ఆమె నవ్వలేదు. కోర్టుల నిలబడి మాట్లాడినవని ఒక్క కాగితం తీస్కరా, మాక్ ట్రయల్‌ది అయినా నడుస్తది, కానీ దాని మీద అడ్వకేట్ అని ఉండాలె, డిసెంబర్‌ల జాయిన్ చేస్కుంట అంది.

ఒక్క పదం. దాని కోసం రెండు నెలలు గొంతు పగిలేలా ప్రాక్టీసు చేశాను. డిగ్రీ దూరవిద్యలో చేశాను. ఇంగ్లీషు అమీర్‌పేట ఫుట్‌పాత్ మీద పాత కోచింగ్ మెటీరియల్ కొని, పెన్సిల్ గీతలు చెరిపి నేర్చుకున్నాను. నాకు 38 రావడం సార్ పెట్టిన భిక్ష కాదు.

ఆగస్టు 25

కేసు ప్యాకెట్ ఇచ్చారు. నలభై పేజీలు.

ఒక విత్తనాల గోడౌన్. సంచులు విప్పి మంచి విత్తనం తీసి నకిలీది కలిపారు. హమాలీ మీద కేసు. అతని జేబులో బ్లేడు దొరికింది. బ్లేడుతో సంచుల మూతి కోశాడని గోడౌన్ సూపర్‌వైజర్ సాక్ష్యం. డ్రాలో మా కాలేజీకి డిఫెన్స్ పడింది. హమాలీ తరఫున వాదించాలి. నేను ఆ గోడౌన్ ఊడ్చే హెల్పర్‌ని. డిఫెన్స్ పిలిచే సాక్షిని. నా అఫిడవిట్ పేజీన్నర. అందులో లేని మాట చెబితే టీమ్‌కి మార్కులు కోస్తారు.

రిహార్సల్‌లో సుష్మిత ఇంకొంచెం రస్టిక్‌గా యా, ప్లీజ్ అంది. శ్రవణ్ అయితే కొంగు నోట్లో పెట్టుకుని మాట్లాడమన్నాడు. గోడౌన్‌లో దుమ్ముకి నోటికి గుడ్డ కట్టుకుంటాం, కొంగు ఎవరూ నమలరు అన్నాను. సినిమాలు చూడవా నువ్వు అన్నాడు.

చూడను. టైము లేదు.

ఆగస్టు 27, వినాయక చవితి

యూనిట్‌కి సెలవు. పొద్దుటి నుంచి నాలుగోసారి ప్యాకెట్ చదువుతున్నాను. పక్కన కమలవ్వ బియ్యం సంచి విప్పుతోంది.

కమలవ్వ మా నాయనమ్మ. అమీర్‌పేట రూములో నాతో ఉంటుంది. సిరిసిల్లలో మగ్గాల ఇంట్లో పుట్టింది. దారం తెగితే ఆమెకి అన్నం నేలపాలైనంత బాధ. సంచి మూతికి కత్తి పెట్టనివ్వదు. గొలుసు కుట్టు వెనక్కి పోయి సాదా కుట్టు కనబడేలా సంచిని తన ముందుకి తిప్పుకుని, కుడి చివర దారం కొస దొరకబుచ్చుకుని లాగుతుంది. సర్రున మొత్తం వచ్చేస్తుంది. వచ్చిన దారాన్ని నాలుగు వేళ్లకు చుట్టి బొడ్లో దోపుకుంటుంది. తర్వాత పాత పౌడర్ డబ్బాలో వేస్తుంది. మా ఇంట్లో బట్టలారేసే తాడు దగ్గర్నుంచి నా ఫైలుకి కట్టిన ముడి దాకా అన్నీ బియ్యం సంచుల దారమే. నాకూ అదే అలవాటు చేసింది. చిన్నప్పుడు ఒకసారి కత్తెర పెట్టబోతే చేతి మీద ఒక్కటేసింది. కోస్తే తునకలైతది బిడ్డా, తునకల దారం ఎందుకు పనికొస్తది అంది.

ఇవాళ ఆమె లాగుతుంటే చూస్తూ పంచనామా పేజీ తిప్పాను. తిప్పి ఆగిపోయాను.

విప్పిన సంచి పక్కన తెల్లదారం, సుమారు రెండు మీటర్లు, ఒకే ముక్క.

ఒకే ముక్క! బ్లేడుతో కోస్తే దారం ఒకే ముక్కగా ఎట్లా ఉంటుంది? ఎవరూ కోయలేదు. లాగారు. ఏ చివర లాగాలో తెలిసినవాడు లాగాడు. హమాలీ సంచులు మోస్తాడు, లారీలో వేస్తాడు. విప్పడం అతని పని కాదు. విప్పి శాంపిల్ తీసేది సూపర్‌వైజర్. అతని స్టేట్‌మెంట్‌లోనే ఉంది, ఏడో పేరాలో.

ముందు మూడుసార్లు చదివాను. రోజుకి ఆరువందల సంచులు కుట్టేదాన్ని, నాకే కనబడలేదు. సిగ్గేసింది. తర్వాత సంతోషమేసింది. చాలా రోజులైంది అట్లా అనిపించి.

సెప్టెంబర్ 3

సూపర్‌వైజర్‌ని అడగాల్సిన ప్రశ్నలు రాశాను. ప్యాకింగ్ స్లిప్పుల వెనక, లంచ్ బ్రేక్‌లో. పదకొండు వచ్చాయి. మొదటి ఐదు తియ్యగా ఉంటాయి. ఎన్నేళ్ల సర్వీసు, శాంపిల్ తీసేది ఎవరు, అట్లాంటివి. ఆరో దాంట్లో దారం వస్తుంది. ఏడు: ఆ దారం ఎన్ని ముక్కలు? ఎనిమిది: బ్లేడుతో కోసిన దారం ఎన్ని ముక్కలవుతుంది? పదకొండోది ప్రశ్నే కాదు. సంచి అతని చేతికిచ్చి, విప్పమనడం. తెలిసిన చెయ్యి అయితే దానంతటదే కుడి చివరకి పోతుంది.

తొమ్మిదోది ముందు ఒకటి రాసి, బాగాలేదని అడ్డంగా కొట్టేసి, కింద మళ్లీ రాశాను.

స్లిప్పులు ఫోటోలు తీసి సార్‌కి వాట్సాప్ చేశాను. సాయంత్రం 6:12. కింద ఇట్లా రాశాను: సార్, డిఫెన్స్ క్రాస్ ప్రశ్నలు. నేను రాసినవి. వీటిని నేనే అడిగే అవకాశం ఇవ్వగలరు.

సెప్టెంబర్ 4

రెండు నీలి గీతలు. ఒక బొటనవేలు బొమ్మ. ఒక్క మాట లేదు.

సెప్టెంబర్ 8, సోమవారం

రిహార్సల్‌లో సుష్మిత నిలబడి నా ప్రశ్నలు అడిగింది.

ఒకటి నుంచి పదకొండు. అదే వరస. శ్రవణ్ సూపర్‌వైజర్‌గా కూర్చుని జవాబులు చెప్పాడు. ఇంగ్లీషు నాకంటే ఆమె నోట్లో బాగుంది, ఒప్పుకుంటాను. కానీ తొమ్మిది దగ్గర, నేను కొట్టేసిన ప్రశ్న కూడా చదివేసింది! చదివి, ఇదేంటి రెండుసార్లు వచ్చింది అని కాగితం తిప్పి చూసుకుంది.

సార్ చప్పట్లు కొట్టారు. టీమ్ బ్రెయిన్‌స్టార్మింగ్ అంటే ఇదీ అన్నారు. నేను లేచి, ఏ బ్రెయిన్ సార్ అన్నాను. అందరూ నా వైపు తిరిగారు. సార్ గొంతు తగ్గించి, టీమ్‌లో నాదీ నీదీ అని ఉండదమ్మా అన్నారు. కుర్చీలు పంచినప్పుడు ఉంది కదా సార్ అన్నాను. కూర్చోమన్నారు.

తర్వాత కారిడార్‌లో సుష్మిత వచ్చి చెయ్యి పట్టుకుంది. సార్ రాశారనుకున్నా యా, ప్రామిస్ అంది. నిజంగానే తెలియదేమో. ఇప్పుడు తెలిసింది కదా, ఏం చేస్తావ్ అన్నాను. డేట్ దగ్గరకొచ్చింది కదా, ఇప్పుడు మారిస్తే టీమ్ డిస్టర్బ్ అవుతుంది అంది. చెయ్యి వదలలేదు. నేనే వదిలించుకున్నాను.

సెప్టెంబర్ 11

ప్రాక్టీసుకి సంచులు కావాలట. ఎవరు కుట్టాలి? నేనే.

ఐలయ్య కాక మా యూనిట్‌లో మెషిన్ల మేస్త్రీ. షిఫ్టు అయ్యాక పది ఖాళీ సంచులకి మూతి కుట్టుకుంటానంటే కళ్లద్దాలు పైకి జరిపి చూశాడు. ఏందే లాయరమ్మా, గాలి నింపి అమ్ముతవా అన్నాడు. కాలేజీలో విప్పడం చూపించాలి కాకా అన్నాను. గిది సుత కాలేజీల చెప్తున్నరా, మరి మాకు పట్టా ఎప్పుడిస్తరో జర అడుగు, ముప్పై ఏండ్ల సర్వీసుంది నాకు అన్నాడు. మెషిన్ నూనె తుడిచి నా చేతికిచ్చాడు. సంచులు మెట్రోల ఎక్కనియ్యరేమో, ఆటోల పో అని కేకేశాడు.

సుష్మిత పది సంచుల్లో ఏడింటి కుట్టు బిగించేసింది. ఎడమ చివర లాగుతుంది. లేకపోతే సంచి తిరగేసి పట్టుకుంటుంది. కుడి అంటే ఎవరి కుడి యా అని విసుక్కుంది. చివరికి సార్ తీర్పు: సూపర్‌వైజర్ చేతికి సంచి ఇవ్వడం రిస్కు, అతను వేరే కాలేజీవాడు, కావాలని తప్పు చివర లాగుతాడు. మన సాక్షి లాగాలి. సుష్మిత అడుగుతుంది, సంగీత లాగుతుంది.

అంటే నా ప్రశ్న ఆమె నోటితో, నా పని నా చేత్తో. హెల్పర్‌కి విప్పడం ఎట్లా తెలుసని అవతలివాళ్లు అడిగితే, సూపర్‌వైజర్ విప్పుతుంటే చూసిన అని చెప్పాలి. ఆ ఒక్క లైను అఫిడవిట్‌లో ఉంది. అంతకంటే ఒక్క మాట వద్దు అని మూడుసార్లు చెప్పారు.

సెప్టెంబర్ 19

సెమీస్ గెలిచాం. మాసబ్ ట్యాంక్ దగ్గర ఒక కాలేజీ హాల్లో జరిగింది. దారం సర్రున వచ్చినప్పుడు ముగ్గురు జడ్జిలూ ముందుకి వంగారు. అయ్యాక ఒకాయన సుష్మితతో, ఇంత ఆలోచన మీకెట్లా వచ్చిందండీ అన్నాడు. ఆమె నా వైపు చూసింది. నోరు తెరిచింది కూడా. సార్ ముందుకొచ్చి టీమ్ వర్క్ సార్ అన్నారు. ఇంకో జడ్జి నన్ను చూసి, ఈ అమ్మాయి యాక్టింగ్ సూపర్, అచ్చం పనిమనిషిలాగే ఉంది అన్నాడు.

సెప్టెంబర్ 20, శనివారం, సాయంత్రం 4:00

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఫైనల్. అవతలి కాలేజీ అడ్వకేట్ చంద్రిక అనే అమ్మాయి. పొట్టిగా, నిదానంగా, మొహంలో ఏమీ కనబడకుండా ఉంది. సుష్మిత సూపర్‌వైజర్‌ని క్రాస్ చేసింది. ఒకటి నుంచి పది దాకా గుక్క తిప్పుకోకుండా. అతను ఎనిమిది దగ్గర నీళ్లు తాగాడు. తర్వాత నన్ను పిలిచారు. సంచి ఇచ్చారు. లాగాను. వచ్చింది. ఒకే ముక్క. హాల్లో గుసగుస.

చంద్రిక లేచింది. సంచి వైపు చూడలేదు. నా చేతి వైపు చూసింది. అమ్మా, దారం ఎందుకు చుట్టుకున్నవ్ అంది.

చూసుకున్నాను. నాలుగు వేళ్లకు చుట్టేశాను. చుట్టి, సగం బొడ్లో దోపేశాను. ఎగ్జిబిట్‌ని! హాలంతా నవ్వు. సార్ నుదురు పట్టుకున్నారు. చేతికి తెలియదు కదా అది కోర్టని. అలవాటు మేడమ్ అన్నాను.

ఎన్ని సంచులు విప్పితే గిట్లాంటి అలవాటైతది, ఊడ్చేదానికి విప్పుడేం పని అంది. బొడ్లోంచి దారం తీసి బల్ల మీద పెట్టాను. ఇది జూసి నేర్చుకున్న చెయ్యి కాదమ్మా, నీకు ఎవరో నేర్పిండ్రు, ప్రమాణం చేసి నిలబడ్డవ్, నీకు నేర్పింది మీ వకీలేనా కాదా అంది. అని సుష్మిత వైపు వేలు చూపించింది.

చెప్పాల్సిన లైను నాలుక మీద ఉంది. సూపర్‌వైజర్ విప్పుతుంటే చూసిన. మూడే మాటలు. ప్రమాణం ఉత్తుత్తిదని తెలుసు. కోర్టు ఉత్తుత్తిది, హమాలీ లేడు, గోడౌన్ లేదు. కానీ ఆ ప్రశ్న మాత్రం ఉత్తుత్తిది కాదు. నెల రోజుల నుంచి నన్ను ఎవరైనా అడగాలని చూస్తున్న ప్రశ్న అది. అవతలి కాలేజీ పిల్ల అడిగింది.

మా అవ్వ నేర్పింది అన్నాను. మా వకీలుకి నేను నేర్పిన. ఇందాక ఆమె అడిగిన ప్రశ్నలు సుత నేనే రాసిన అన్నాను.

మధ్యలో కూర్చున్న జడ్జి పెన్ను కింద పెట్టి, సాక్షి అఫిడవిట్ దాటింది, ఐదు మార్కులు తగ్గించండి అన్నాడు.

మూడు మార్కులతో ఓడిపోయాం.

బెస్ట్ క్రాస్ ఎగ్జామినేషన్ ప్రైజు సుష్మితకి. నా ప్రశ్నలకి నాకు తప్ప అందరికీ ఏదో ఒకటి వచ్చింది. గేటు దగ్గర చంద్రిక వెనక నుంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. అక్కా, నిజంగనే నువ్వే రాసినవా, మేము పదిమందిమి చదివినం, గా దారం సంగతి ఎవ్వరికీ తట్టలే అంది. నిజమే అన్నాను. నువ్వు గిక్కడ సాక్షి ఎందుకైనవ్ మరి అంది.

నల్ల కోటు లేక అని చెప్పడానికి సిగ్గేసింది.

సెప్టెంబర్ 21

ఆదివారం ఓవర్‌టైమ్ అడిగి వెళ్లాను. 640 సంచులు. ఒక్కదానికి కూడా కుట్టు తప్పలేదు.

సెప్టెంబర్ 24

స్టాఫ్ రూమ్‌కి పిలిచారు. ఇండిసిప్లిన్ అట. నీ ఒక్కదాని కోపానికి కాలేజీ ట్రోఫీ పోయింది, ఏంటి నీ బాధ అన్నారు హనుమత్ప్రసాద్ సార్. ప్రమాణం చేసి నిలబడ్డ కోర్టులో నిజం చెప్పాను సార్, మీరు చెప్పే పేపరే కదా అన్నాను. అది రోల్‌ప్లే అమ్మా, జీవితం కాదు అన్నారు. నవంబర్ టోర్నమెంట్‌కి టీమ్ సెలెక్షన్ అక్టోబర్ 11న. నన్ను పరిగణించరట.

నవంబర్ పోతే డిసెంబర్ పోయినట్టే. మంజుశ్రీ మేడమ్ అడిగిన కాగితం ఉండదు.

సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. సంగీత, విట్‌నెస్. బయట గేటుకి బెస్ట్ క్రాస్ ఎగ్జామినేషన్ అని ఫ్లెక్సీ. సుష్మిత ఫోటో, సార్ ఫోటో. కింద చిన్న అక్షరాల్లో సహకారం అని ఉంది. నా పేరు సౌండ్ సిస్టమ్ వాళ్ల పేరు పక్కన.

సెప్టెంబర్ 30, సద్దుల బతుకమ్మ

తంగేడు పువ్వు పేరుస్తూ అవ్వ అడిగింది, గన్ని దినాల సంది మొఖం గట్ల పెట్టుకున్నవేందే అని. మొత్తం చెప్పాను. చేతులు ఆపకుండా విన్నది. మార్కులు కోశారంటే పట్టించుకోలేదు. ఫ్లెక్సీ అంటే పట్టించుకోలేదు. అంతా అయ్యాక, మరి గా దారమేది అంది.

కోర్టు బల్ల మీదే ఉండిపోయింది అవ్వా అన్నాను. రెండు మీటర్ల దారం ఇడిసిపెట్టొచ్చినవా అని తిట్టింది. నీదే అయినప్పుడు అడుగుడుకేంది సిగ్గు, పోయి తెచ్చుకో అంది.

ఆమె దారం గురించే అంది. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే మొత్తం ఆలోచించాను.

అక్టోబర్ 6, సోమవారం

హనుమత్ప్రసాద్ సార్ బల్ల మీద ఒక సంచి పెట్టి వచ్చాను. మూతి నేనే కుట్టాను. దానికి కట్టిన చీటీ నకలు ఇది.

సార్, లోపల నా పదకొండు ప్రశ్నలున్నాయి. కొట్టేసిన తొమ్మిదోది కూడా ఉంది. సెప్టెంబర్ 3 సాయంత్రం 6:12కి మీకు పంపిన మెసేజ్, మీ బొటనవేలు ఉన్నాయి. ఆ ప్రశ్నలు నేను రాసినవని, మార్కులు అంటించిన బోర్డు మీదే, మీ సంతకంతో అంటించండి. 11న సెలెక్షన్‌లో నన్ను కూర్చోబెట్టండి. మార్కులు ఏ కుర్చీ ఇస్తే ఆ కుర్చీ ఇవ్వండి. జవాబు శుక్రవారం, అక్టోబర్ 10, సాయంత్రం ఐదు లోపల. ఐదు దాటితే ఇంకో సంచి ప్రిన్సిపాల్ బల్ల మీద ఉంటుంది.

బ్లేడు వాడొద్దు. విప్పిన దారం నాకు తిరిగి కావాలి. ఎన్ని ముక్కలో చూస్తాను.